కొడవటిగంటి కుటుంబరావు

కొడవటిగంటి కుటుంబరావు (అక్టోబరు 28, 1909 - ఆగష్టు 17, 1980) సుప్రసిద్ధ తెలుగు కథా, నవలా రచయిత, హేతువాది, పత్రికా సంపాదకుడు. కొ.కు.గా చిరపరిచితుడు. మధ్యతరగతి జీవితంలోని బూటకాన్ని, డబ్బు చుట్టూ అల్లుకున్న మానవ సంబంధాలను నిర్మొహమాటంగా చిత్రించిన రచయితగా తెలుగు సాహిత్య చరిత్రలో ఈయనకు స్థానం ఉన్నది. అయితే ఈయన పేరు ఎన్నడూ వినని లక్షలాది పిల్లలు కూడా ఈయన వాక్యాలు చదువుతూ పెరిగారు. 1952 నుండి మరణించేవరకు, అనగా 28 సంవత్సరాలపాటు, చందమామ మాసపత్రికకు ఈయన సంపాదక బాధ్యతలు నిర్వహించాడు. దేశవిదేశాల జానపద కథలను, పురాణ కథలను, ప్రాచీన కావ్యాలను తెలుగు పల్లెకు తెచ్చి పిల్లలకు తిరిగి చెప్పాడు. ఆ పనిలో అధికభాగం పేరు లేకుండానే అచ్చయినది.

బాల్యము, విద్యాభ్యాసము

కుటుంబరావు గుంటూరు జిల్లా తెనాలిలో ఒక మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ సంరక్షణలో పెరిగాడు. బాల్యంలో చాలాభాగం పల్లెటూరి వాతావరణంలో గడిచినది. అన్న వెంకటసుబ్బయ్య కవి, రచయిత. పాశ్చాత్య సాహిత్యంతో కుటుంబరావుకు పరిచయం కలిగించినది ఆయనే. ఒక ప్రక్క పల్లెటూరు, మరొక ప్రక్క అన్నగారి పుస్తకాలు. తరువాతి కాలంలో చందమామ పుటలలో కనిపించే కలయికకు ఈ రెండూ మూలమని చెప్పవచ్చును.

తెనాలిలో పాఠశాల విద్య 1925లో ముగిసినది. అదే సంవత్సరం, అప్పటి ఆచారం ప్రకారం, పదకొండేళ్ళ పద్మావతితో వివాహం జరిగినది. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియెట్ (1925-27), విజయనగరం మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా బి.ఏ. (1927-29) చదివాడు. ఎమ్మెస్సీ కొరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చేరాడు. కాని ప్రపంచమంతటా వ్యాపించిన ఆర్థికమాంద్యం కారణంగా రెండవ సంవత్సరంలో చదువు ఆగిపోయినది. సైన్సు మీద ఆసక్తి మాత్రం చివరివరకు ఈయనను వదలలేదు. మొదటి కథ కాశీలో చదువుతున్న కాలంలో గృహలక్ష్మి పత్రికలో వెలువడినది.

ఉద్యోగాలు, తొలి రచనలు

తరువాతి ఇరవై సంవత్సరాలు నిలకడలేని జీవితం. తెనాలిలో అచ్చుపని, గుమాస్తా ఉద్యోగం, కర్మాగారంలో పని, బడిపంతులు పని, పత్రికలలో కొలువు ఇలా ఊళ్ళు, వృత్తులు మారుతూ వచ్చాడు. ఈ మధ్యలోనే 1939లో పద్మావతి మరణించినది. రెండవ భార్య కూడా కొద్దికాలానికే చనిపోగా 1945లో వరూధినిని వివాహమాడాడు. ఈమె రచయిత కొమ్మూరి సాంబశివరావు సోదరి.

విద్యార్థిగా ఉన్నకాలంలో కలిగిన ఒక పరిచయం ఈయన జీవితంలో అన్నిటికంటె ఎక్కువకాలం నిలిచినది. అది తెనాలికే చెందిన చక్రపాణితో స్నేహం. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. బెంగాలీ నుండి శరత్ నవలలను అనువదించి పేరు పొందినవాడు. 1930లలో తెనాలి నుండి వెలువడిన యువ పత్రికతో ఇద్దరికీ సంబంధం ఉన్నది.

1948 నుండి రెండేళ్ళపాటు ఆంధ్రపత్రిక వారపత్రికలోను, తరువాత కొన్ని నెలలు కినిమా పత్రికలోను కుటుంబరావు పనిచేశాడు. ఈ సరికే కథకుడుగా, నవలాకారుడుగా పేరున్నది. చదువు నవలలో సుందరం అనే పిల్లవాడు అక్షరాభ్యాసం నాటినుండి పెద్దవాడయ్యేవరకు ఏమి నేర్చుకున్నాడో, ఆ చదువు వలన ఏమి కలిగినదో చెబుతాడు. పిల్లవాడి కంటితో పెద్దవారి ప్రపంచాన్ని చూడగలగడం ఈ నవలకు ప్రాణం. ఇటువంటి రచయిత పిల్లల పత్రికకు పోవడం వింతగా తోచవచ్చును గాని, చదువు చదివినవారికి అంతగా తోచదు.

తెలుగులో పిల్లల కథలు - పూర్వరంగం

చందమామలో కుటుంబరావు చేసిన పనిని అర్థం చేసుకొనుటకు అంతకు ముందున్న పరిస్థితి కొంత తెలియాలి. పాత కథను తెలుగువారికి తిరిగి చెప్పడం కొత్త విషయం కాదు. రావిపాటి గురుమూర్తి శాస్త్రి పంచతంత్రాన్ని, విక్రమార్కుని కథలను తెలుగు వచనంలో వ్రాశాడు. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక ప్రకటించాడు. పంచతంత్రంలోని మిత్రలాభం, మిత్రభేదం కథలు అందులో ఉన్నాయి. తరతరాల విద్యార్థులు దానిని పాఠ్యపుస్తకంగా చదివారు. అందులోని వచనం సొంపైనదే గాని, కథ వినవలసిన పిల్లవాడు ముందు నిఘంటువు తెరవవలసి వచ్చేది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు కాశీయాత్ర చేసే ఇద్దరి సంభాషణగా ఎన్నో అద్భుత కథలను పోగుచేశాయి. అవీ పెద్దల చేతిలోని పుస్తకాలే.

గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం తరువాత మార్గం సుగమమైనది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు (రేడియో అన్నయ్య, అక్కయ్య) 1945లో బాల పత్రిక ప్రారంభించారు. 1947 జూలైలో బి.నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుండి చందమామను తెలుగు, తమిళ భాషలలో వెలువరించారు. తమిళంలో దాని పేరు అంబులిమామ. క్రమంగా కన్నడ, హిందీ మొదలైన ఇతర భారతీయ భాషలలోను వచ్చినది. బడిలో చెప్పే తెలుగు కాక, ఇంట్లో అవ్వ చెప్పే తెలుగులో కథ ఉండాలన్నది ఆ పత్రిక పట్టుదల.

చందమామలో

1952లో కుటుంబరావు చందమామలో చేరాడు. పత్రికపై సంపాదకుడుగా చక్రపాణి పేరే ఉండేది. ఏ కథ వేయాలి, ఎట్లా వేయాలి అన్న విషయంలో చక్రపాణి అభిప్రాయం బలమైనది. కుటుంబరావు కథలు ఎంచేవాడు, దిద్దేవాడు, తిరగవ్రాసేవాడు, కొత్తగా వ్రాసేవాడు. పాఠకులు పంపిన కథలు అనేకం ఈయన చేతిమీదుగా పోయి రూపు మార్చుకొని అచ్చయ్యేవి. అందువలన ఎవరు వ్రాసినా చందమామ కథ అంతా ఒకే గొంతుతో చెప్పినట్లు ఉంటుంది. ఆ గొంతు చాలావరకు కుటుంబరావుదే.

అదే కార్యాలయంలో దాసరి సుబ్రహ్మణ్యం (మరణం 2010) పనిచేసేవాడు. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటి మాంత్రికుల ధారావాహికలు ఆయనవి. ఇవి కూడ పేరు లేకుండానే వచ్చాయి. కావున వీటిని కుటుంబరావు రచనలుగా పొరబడేవారు నేటికీ ఉన్నారు. కుటుంబరావు పని ఎక్కువగా తిరిగి చెప్పడంలో ఉన్నది. జాతక కథలు, కథాసరిత్సాగరం, అరేబియన్ నైట్స్, ఐరోపా, చైనా మొదలైన దేశాల జానపద కథలు, పురాణేతిహాసాలు ఇందులోకి వస్తాయి.

గ్రీకు కావ్యాలు తెలుగు కథలుగా

ఈ పనికి చక్కని ఉదాహరణ 1950లలో వచ్చిన గ్రీకు కథలు. హోమరు ఇలియడ్ కథ భువనసుందరిగాను, ఒడిస్సీ కథ రూపధరుని యాత్రలుగాను చందమామలో ధారావాహికంగా వెలువడినవి. పేరు ఎట్లా మారినదో గమనించదగినది. ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్ లోకంలోకెల్ల అందగత్తె గనుక భువనసుందరి అయినది. ఒడిస్సియస్ పేరును పలకలేక పిల్లవాడు తడబడవలసిన పని లేకుండా అతడు రూపధరుడు అయినాడు. రూపధరుడు అనగా రూపం ధరించేవాడు. యుద్ధం ముగిసిన పిమ్మట సముద్రాలలో ఏళ్ళతరబడి తిరిగి, చివరకు బిచ్చగాడి వేషంతో తన ఇంటికే చేరి, ఆస్తిని కాజేస్తున్నవారి పనిపట్టిన వీరునికి ఈ పేరు సరిగ్గా అతుకుతుంది. తెలుగు పాఠకుడికి ఆ పేరులో పురాణ వాసన తగులుతుంది. ఆ తరువాత ఓడలు, ఒంటికన్ను రాక్షసుడు, మాయలాడి స్త్రీలు ఏవీ పరాయివిగా కనిపించవు. పెద్దయిన తరువాత ఇంగ్లీషులో ఒడిస్సీ చదివి, ఇది చిన్నప్పుడు చందమామలో చదివిన కథే కదా అని ఆశ్చర్యపోయిన తెలుగువారు ఎందరో ఉన్నారు.

ప్రతి కథకూ పేర్లు మార్చే పద్ధతి లేదు. అరేబియన్ నైట్స్ కథలలో ఖలీఫాలు, వజీర్లు అట్లాగే ఉన్నారు. ఆ పేర్లు తెలుగు చెవికి అలవాటైనవే. ఎక్కడ మార్చాలి, ఎక్కడ వదలాలి అనే విచక్షణ ఈ రచనలలో కనిపిస్తుంది.

బేతాళ కథలు

చందమామ అనగానే అందరికీ గుర్తువచ్చేది శవాన్ని భుజాన వేసుకొని కత్తి పట్టుకొని నడిచే విక్రమార్కుని బొమ్మ. శంకర్ (కె.సి.శివశంకరన్) వేసిన బొమ్మ అది. సంస్కృతంలోని బేతాళ పంచవింశతి పేరులోనే చెప్పినట్లు ఇరవై అయిదు కథలది. నెలకొకటి చొప్పున వేసినా రెండేళ్ళకు మించి రాదు. పాఠకులు వదలలేదు. అందుచేత పాత చట్రాన్ని ఉంచుకొని కొత్త కథలను అందులో అమర్చడం మొదలైనది. ఇది దశాబ్దాలపాటు సాగినది.

ఇది తేలిక పని కాదు. రాజు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకొని మౌనంగా నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి చివర ఒక ప్రశ్న వేస్తాడు. సమాధానం తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై బేతాళుడు శవంతో సహా మాయమై మళ్ళీ చెట్టెక్కుతాడు. కనుక ఈ చట్రంలోకి ఏ కథ పడితే ఆ కథ పనికిరాదు. కథ ముగిసిన తరువాత కూడ తేలని ఒక సందేహం ఉండాలి. ఎవరి త్యాగం గొప్పది, ఎవరిది తప్పు, ఫలానావాడు అందివచ్చిన రాజ్యాన్ని ఎందుకు కాదన్నాడు వంటివి. సందేహం తీర్చే జవాబు కథలోనే దాగి ఉండాలి, కాని పిల్లవాడికి వెంటనే తట్టకూడదు. అనేక కథలలో జవాబు మహిమల మీద కాక మనుషుల స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. కుటుంబరావు పెద్దలకు వ్రాసిన కథలలో పాత్రల నడవడికి కారణాలు వెదికే తీరు ఇక్కడ పిల్లల పరిమాణంలో కనిపిస్తుందని చెప్పుట అతిశయోక్తి కాదు.

భాష, స్థానికత

చందమామ కథలో వాక్యం చిన్నది. క్రియ త్వరగా వస్తుంది. వర్ణన తక్కువ. రాజకుమారి అందాన్ని ఒక్కమాటలో చెప్పి కథ ముందుకు పోతుంది, ఎందుకంటే అందం బొమ్మలో ఉన్నది. చిత్రా (టి.వి.రాఘవన్), ఎం.టి.వి.ఆచార్య, శంకర్, వపా (వడ్డాది పాపయ్య) వేసిన బొమ్మలు కథలో సగభాగం. వీరిలో శ్రీకాకుళంలో పుట్టిన వపా జీవిత చరమాంకం అనకాపల్లి ప్రక్కనున్న కశింకోటలో గడిపి 1992లో అక్కడే మరణించాడు. తుమ్మపాల, కశింకోట వంటి ఉత్తరాంధ్ర ఊళ్ళ పొలాలను, మనుషులను ఎరిగినవారికి వపా రంగులలో ఆ నేల ఛాయలు కనిపిస్తాయి.

కథలోని ఊరు కూడ తెలుగు ఊరే. పరదేశపు బాటసారి రాత్రికి పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగుతాడు. దొంగిలించినది వరహాల మూట. మోసగాడు వడ్డీవ్యాపారి, తీర్పు చెప్పేది గ్రామాధికారి. బంజరు, చావడి, దిగుడుబావి, మర్రిచెట్టు మీది దయ్యం. కథ ఏ దేశంలో పుట్టినదైనా ఈ సామగ్రితో మళ్ళీ కట్టబడేది. సవతితల్లి, ముగ్గురు అన్నదమ్ముల్లో వెర్రివాడనిపించుకున్న చిన్నవాడు, మాట్లాడే పక్షి ఇవి అన్ని దేశాల కథలలోను ఉన్నవే కాబట్టి అతుకు తెలిసేది కాదు.

ఇతర దేశాలలోను ఇట్టి ప్రయత్నాలు కలవు. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఫ్రెంచి సంతతివారైన కేజన్ ప్రజల యాసలో మైక్ ఆర్టెల్ 2001లో ఎర్రటోపీ పిల్ల కథను తిరిగి చెప్పాడు. అందులో అడవికి బదులు చిత్తడినేల, తోడేలుకు బదులు మొసలి, పిల్లకు బదులు బాతుపిల్ల. అక్కడ నవ్వు పుట్టించేది ముఖ్యంగా యాస. కుటుంబరావు మార్గం దీనికి భిన్నమైనది. చందమామ తెలుగులో తయారై ఇతర భాషలలోకి అనువాదమయ్యేది. యాస మీద, సామెత మీద, శ్లేష మీద నిలబడిన కథ అనువాదంలో కూలిపోతుంది. అందువలన ఈయన స్థానికతను మాటల విరుపులో కాక ఊరి నడతలో పెట్టాడు. కన్నడ పిల్లవాడికి, మరాఠీ పిల్లవాడికి అది తమ ఊరి కథగానే తోచినదంటే కారణం ఇదే.

ఈ మార్గానికి ఒక లోపం కూడ లేకపోలేదు. చందమామ తెలుగు ప్రధానంగా కోస్తా జిల్లాల చదువుకున్నవారి తెలుగు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాలకు అందులో చోటు బహు స్వల్పం. కథలలోని ఊరికి కూడ ఒక పాత కట్టుబాటు ఉన్నది. రాజు మంచివాడైతే చాలు, అన్నీ చక్కబడతాయి. పెద్దలకు వ్రాసిన కథలలో ఇటువంటి కట్టుబాట్లనే కుటుంబరావు చీల్చి చూపించాడు.

హేతువాది, దయ్యాల కథలు

భౌతికశాస్త్రం చదివిన నాస్తికుడు, మార్క్సిస్టు భావాలు కలవాడు, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం (విరసం) వ్యవస్థాపకులలో ఒకడు ప్రతినెలా పిల్లలకు బ్రహ్మరాక్షసుల కథలు అందించడం వైరుధ్యం కాదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఈ కథలను దగ్గరగా చూస్తే కొంత సమాధానం దొరుకుతుంది. అనేక చందమామ కథలలో దయ్యం భయపెట్టేదానికంటె మోసపోయేదే ఎక్కువ. పేదవాడి తెలివి ముందు, గయ్యాళి భార్య నోటి ముందు దయ్యం ఓడిపోతుంది. కొన్నింటిలో దయ్యం అసలు లేనేలేదు, ఎవరో పన్నిన పన్నాగం చివరికి బయటపడుతుంది. నమ్మించే దయ్యానికి, కథలోని దయ్యానికి తేడా పిల్లలకు తెలియదని అనుకోవడం పెద్దల పొరపాటు.

అయినా ఈ సమాధానంతో వైరుధ్యం పూర్తిగా తీరదు. జాతక కథలలో కర్మఫలం ఉన్నది, పురాణ కథలలో దేవతలున్నారు. అవి పత్రిక విధానంలో భాగం. ఇంటికి వెళ్ళి వ్రాసుకునే రచనలు వేరు. పగలు చందమామకు పనిచేసి, మిగిలిన సమయంలో కథలు, నవలలు, సాహిత్యం మీద, సైన్సు మీద, సినిమా మీద, సంగీతం మీద వ్యాసాలు వ్రాస్తూ వచ్చాడు. రెండు రకాల రచనల మధ్య గోడ ఉన్నా భాష మాత్రం ఒక్కటే. కఠినమైన ఆర్థిక విషయాన్ని కూడ కథ చెప్పినంత సూటిగా చెప్పే అలవాటు ఈయన వ్యాసాలలో కనిపిస్తుంది.

మరణం, అనంతరం

చక్రపాణి 1975లో మరణించాడు. కుటుంబరావు ఆ తరువాత కూడ చందమామలోనే కొనసాగి 1980 ఆగష్టు 17న మద్రాసులో మరణించాడు. రెండు నెలలు గడిస్తే డెబ్బయ్యొక్క సంవత్సరాలు నిండేవి.

ఈయన సాహిత్యాన్ని కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర ప్రచురణాలయం 1980లలో సంపుటాలుగా ప్రచురించినది. తరువాత విరసం మరింత విస్తృతంగా సంపుటాలు వెలువరించినది. చందమామ కథలు మాత్రం పత్రిక పాత సంచికలలోనే ఎక్కువగా మిగిలాయి. పేరు అచ్చువేయని కారణంగా ఏది కుటుంబరావు స్వయంగా వ్రాసినది, ఏది ఇతరులు వ్రాయగా దిద్దినది అన్నది తేల్చుటకు తోటివారి, కుటుంబసభ్యుల జ్ఞాపకాలే ఆధారం. చందమామ 2010ల తొలి సంవత్సరాలలో ఆగిపోయినది. అంతకుముందే అభిమానులు పాత సంచికలను సేకరించి, స్కాన్ చేసి భద్రపరచుట ప్రారంభించారు. రూపధరుని యాత్రలు చదవదలచినవారికి ఆ సేకరణలు ఉపయోగపడతాయి.

కుమారుడు కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949-2012) అణుశాస్త్రవేత్త, సితార్ వాద్యకారుడు. సైన్సు మీద, సంగీతం మీద సులభమైన తెలుగులో అనేక వ్యాసాలు వ్రాశాడు. తండ్రి చందమామ రోజుల గురించి కూడ వ్రాశాడు. కుమార్తె ఆర్.శాంతసుందరి (మరణం 2020) హిందీ, తెలుగు భాషల మధ్య అనువాదకురాలుగా ప్రసిద్ధి పొందినది.